అధిక మాసంలో సూది

మా మావగారు భీమారావుగారు ముప్పై ఎనిమిదేళ్లు గూడ్సుబండి గార్డుగా చేసి రిటైరయ్యారు. అంటే బండి మొత్తానికి ఆఖరి పెట్టెలో కూచుని, ముందు ఇంజను దగ్గర ఏం జరుగుతోందో తెలియకపోయినా, అంతా సవ్యంగానే ఉందని పచ్చజెండా ఊపడమన్నమాట. ఉద్యోగం అయిపోయింది గాని అలవాటు పోలేదు. ఇప్పుడు రాయపూర్ శివారు మోవాలో కట్టుకున్న ఇంటి వరండాలో కూచుని మా అందరి సంసారాలకీ జెండా ఊపుతుంటారు. అప్పుడు చేతిలో రైల్వే టైంటేబుల్ ఉండేది, ఇప్పుడు పంచాంగం ఉంటోంది, అంతే తేడా.

ఆ పంచాంగం కూడా రాయపూర్‌లో దొరికేది పనికిరాదు. ఏటా ఉగాదికి ముందు పలాస నుంచి వచ్చే ఎవరో ఒకరి చేత తెప్పించుకుంటారు. ఇక్కడివాళ్ల నెలలు మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతాయట, వాళ్లని నమ్ముకుంటే మునిగిపోతామట. నలభై ఏళ్లకు పైగా ఈ ఊరి నీళ్లు తాగి, ఈ ఊరి బియ్యం తిని, నెలలు మాత్రం పలాస నుంచి తెప్పించుకునే మనిషి ఆయన.

నా పేరు కల్యాణి. ఆ ఇంటికి పెద్దకోడల్ని. నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూచుంటాను. రోజూ బస్సులో వెళ్తూ, అరడజను లారీలు పక్కపక్కన పట్టేంత రోడ్డు మీద ఒక్క మనిషైనా లేకపోవడం చూసి ఆనందిస్తుంటాను. ఎందుకంటే ఇంట్లో మేం ఆరుగురం, ఆరుగురికీ కలిపి ఒకటే అభిప్రాయం, అది మావగారిది.

మిగతావాళ్లని కూడా చెప్పేస్తాను. మా అత్త దాలమ్మ. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. మా ఆయన పరదేశి, ఊరుకున్నంత ఉత్తమం లేదు అన్న సామెతని ఆయన్ని చూసే కట్టి ఉంటారు. మా మరిది శివాజీ, రైల్వేలో వ్యాగన్లు రిపేరు చేస్తాడు, ఇంట్లో మాత్రం "నాన్న ఏటంటే అదే" అంటాడు. అతని భార్య రాజశ్రీ, టెక్కలి పిల్ల, ఇరవై మూడేళ్లు, ఎవరేం చెప్పినా తలూపుతుంది. ఇద్దరు ఎదురెదురు మాటలు చెబితే రెండింటికీ ఊపుతుంది.

2023లో ఆ రాజశ్రీకి నెల తప్పింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇంట్లో మళ్లీ ఒక పురుడు. తొమ్మిదేళ్ల కిందటిది నాది. ఆ సంగతి తర్వాత చెబుతాను. చెప్పకుండా తప్పించుకోవాలనే ఉంది గాని, చెప్పకపోతే నేనెందుకంత గొడవపడ్డానో మీకు అర్థం కాదు.

జూన్‌లో, ఆషాఢం మొదలైన మర్నాడే, డాక్టరమ్మ రాజశ్రీ కాగితం మీద ఒక ఇంజెక్షన్ పేరు రాసి, ఇరవై ఏడో వారానికీ ముప్పై ఆరో వారానికీ మధ్య వేయించుకోమంది. కోరింత దగ్గు పుట్టబోయే బిడ్డకి సోకకుండా తల్లికి వేసే టీకా. ఇక్కడివాళ్లు ఆ జబ్బుని కాలీ ఖాన్సీ అంటారు. పేరేదైనా పని ఒకటే, పసిగుడ్డుకి ఊపిరి ఆపడం.

కాగితం మావగారి చేతికి వెళ్లింది. మా ఇంట్లో ఏ కాగితమైనా ఆయన సంతకం లేకుండా ముందుకు పోదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని ఒకసారీ పంచాంగాన్ని నాలుగుసార్లూ చదివి తేల్చారు.

"ఆషాఢంలో కొత్తది ఏదీ మొదలెట్టకూడదు. సీమంతం కానేదు. సీమంతం కాకుండా కడుపుతో ఉన్న గుంటకి కొత్త సూది తగలకూడదు."

ఈ రూలు ఏ పంచాంగంలో ఉందో చూద్దామని ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. బల్లి పడితే ఏమవుతుందో ఉంది, కాకి తన్నితే ఏమవుతుందో ఉంది. సూది లేదు.

"నాలుగో నెలలో, అయిదో నెలలో మితానిన్ దీదీ వచ్చి తీసుకెళ్తే రెండు సూదులు వేయించుకుంది కదా మావయ్యా, అప్పుడు ముహూర్తం చూడలేదే?" అన్నాను. మితానిన్ అంటే గర్భిణీలనీ పసిపిల్లలనీ కనిపెట్టుకుని ఇంటింటికీ తిరిగే మనిషి, ప్రతి పేటకీ ఒకరుంటారు.

"అది గవర్నమెంటు సూది," అన్నారు మావగారు. "గవర్నమెంటు పనికి ముహూర్తాలుండవు. ఆళ్లు ఏసిందే టైము. అయినా రెండు ఏయించుకుంది కదా, మూడోది ఏటికి?"

పక్క వీధిలో ఉండే లీలావతక్క ఆ సాయంత్రం వచ్చింది. ఆమె నర్సు. వాళ్ల నాన్న బాపట్ల నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మా పేటలోని నర్సింగ్ హోముకి పోతుంది. నేనే పిలిపించాను.

"ఆ రెండు సూదులూ ధనుర్వాతానికీ కంఠసర్పికీ అంకుల్," అని ఓపిగ్గా చెప్పింది. "వాటిలో కోరింత దగ్గు లేదు. ఇందులో ఆ మూడూ ఉంటాయి. బిడ్డకి సొంత టీకా ఆరో వారానికి గాని మొదలెట్టం. ఆ ఆరు వారాలూ వాళ్లమ్మ దగ్గర్నుంచి కడుపులో ఉండగా తెచ్చుకున్న బలమే దానికి దిక్కు. అమ్మకి వేసిన రెండు వారాలకి గాని ఆ బలం బిడ్డకి సరిగా అందదు. అందుకే ముందే వేయించుకోమంటారు."

మావగారు అంతా విన్నారు. ఆయన ఎవరు చెప్పినా పూర్తిగా వింటారు, అది ఆయన గొప్ప గుణం. విని, "మంచిదమ్మా, సిగ్నల్ రానీ, బండి దానంతటదే కదులుద్ది," అన్నారు.

ఆషాఢం గడిచింది. సిగ్నల్ వస్తుందేమోనని చూస్తే అధిక శ్రావణం వచ్చింది. అధిక మాసంలో శుభకార్యాలు చేయకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయితే మావగారు అక్కడితో ఆగలేదు. అధిక మాసం అసలు లెక్కలోకే రాదన్నారు. పెళ్లికి రాదు, గృహప్రవేశానికి రాదు, కాబట్టి గర్భానికీ రాదు. ఆ నెల రోజులు కడుపులో బిడ్డ కూడా సైడింగులో పెట్టిన పెట్టెలాగా కదలకుండా ఉంటుందన్నమాట.

"ఎనిమిదిలో ఇప్పుడే పడింది," అన్నారు వేళ్లు మడుస్తూ. "అధికం తీసేయండి. పురుడు దసరాకి. నవరాత్రుల్లో అమ్మోరే పుడతాది. మద్దిలో మూఢం కూడా ఉంది, అది పోనీండి. వరలక్ష్మీ వ్రతం అయిన సోమారం నాడు సీమంతం, ఆ మద్యాన్నం సూది. బోల్డు టైముంది."

నేను ఆఫీసులో కంప్యూటర్ మీద లెక్క వేశాను. ఆ సోమవారానికి రాజశ్రీకి సరిగ్గా ముప్పై ఏడు వారాలు నిండుతాయి. డాక్టరమ్మ గీసిన గీత దాటి వారం. దసరా దాకా ఆగే ఉద్దేశం బిడ్డకి ఉండకపోవచ్చు, అది పంచాంగం చదవదు కదా.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. శివాజీకి చెప్పాను. "నాన్న ఆలోసించే అంటాడొదినా," అన్నాడు. రాజశ్రీకి చెప్పాను. తలూపింది. వెనకనుంచి అత్త, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే కల్యాణీ," అంది, తల దువ్వుకుంటూ.

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో ఇప్పుడు చెప్పాలి.

2014 చలికాలంలో నాకు మగపిల్లాడు పుట్టాడు. రాజేష్ అని పేరు పెట్టాం. ఇరవై ఒకటో రోజున బారసాల, దివ్యమైన ముహూర్తం, మావగారే పెట్టారు. అయిదో వారంలో వాడికి దగ్గు పట్టుకుంది. చిన్న దగ్గు. పిల్లి తుమ్మినట్టుండేది. దిష్టన్నారు, ఉప్పు తిప్పారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. తర్వాత దగ్గి దగ్గి మొహం నీలంగా అయిపోయి, ఒక్కొక్కసారి ఊపిరే తీసుకునేవాడు కాదు. వీపు మీద తడితే మళ్లీ తీసుకునేవాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాం. నలభై మూడు రోజులు బతికాడు. తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

నెల్లాళ్ల తర్వాత ఏవో కాగితాల కోసం ఆస్పత్రికి వెళ్తే ఆ పిల్లల డాక్టరు నన్ను కూచోబెట్టి చెప్పాడు. ఈ జబ్బు పసిపిల్లలకి సాధారణంగా ఇంట్లో పెద్దవాళ్ల నుంచే వస్తుంది, పెద్దవాళ్లకి అది ఉత్త మొండిదగ్గులా ఉంటుంది, ప్రాణం మీదికి రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు అని. అప్పుడు వెలిగింది నాకు. ఆ చలికాలమంతా మా అత్త దగ్గుతూనే ఉంది. దగ్గి దగ్గి వాంతి చేసుకునేది. రోజూ పొద్దున్నే పెరట్లో పీట మీద కూచుని, కాళ్లు చాపుకుని, వాడిని కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి నీళ్లు పోసింది ఆవిడే. వాడి మొహం మీదికి వంగి.

ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. తొమ్మిదేళ్లుగా నాలిక చివర పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఏ గొడవైనా ఆ ఒక్క మాటతో నేనే గెలవగలనని తెలుసు. అందుకే వాడలేదు. మిగతా ఎత్తిపొడుపులన్నీ ధారాళంగా వాడుతుంటాను, ఇది ఒక్కటీ దాచుకున్నాను. నా మంచితనం అని కూడా అనుకునేదాన్ని.

ఆగస్టు మొదటి గురువారం ఆఫీసు నుంచి రాగానే ఇంక దాచుకోదలచుకోలేదు. ముప్పై నాలుగో వారం నడుస్తోంది. వంటింట్లోకి వెళ్లేసరికి అత్త నేల మీద కూచుని లాల్ భాజీ అనే ఎర్రతోటకూర వలుస్తోంది. రాజశ్రీ పడుకుంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"అత్తా, నీతో మాట్లాడాలి. మన రాజేష్‌కి ఆ దగ్గు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలుసా నీకు?"

ఆవిడ తలెత్తలేదు. చేతిలో ఉన్న కాడ ఆకంతా వలిచి, కాడ పక్కన పెట్టింది.

"నా దగ్గిర్నుంచే," అంది.

నేను తయారు చేసుకొచ్చిన మాటలన్నీ ఆవిడ కాదంటే అనడానికి. ఔనంటే ఏమనాలో నేను ఆలోచించుకోలేదు.

"ఆస్పత్రిలో ఆ డాట్రుబాబు అడిగినాడు కదే. ఘర్ మే కిసీ బడే కో ఖాన్సీ హై క్యా అని, ఇంట్లో పెద్దోలకి ఎవులికైనా దగ్గుందా అని. నీ ఎనకాల నాను ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. దగ్గొస్తంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆడెందుకడిగినాడో నాకప్పుడే తెల్సింది. నువ్వు ఎనక్కి తిరిగి నన్ను సూసినావు. సూసి, నహీ అన్నావు."

అవును, అన్నాను. ఆ సంగతి నాకు గుర్తుంది.

"నీ గుంటడు సావుబతుకుల్లో ఉంటే నువ్వు నన్ను దాసినావు," అంది అత్త. "తొమ్మిదేళ్లు. ఒక్క దినం నన్ను అననేదు. నువ్వెంత ఎటకారం ఆడినా నాను పడ్డాను, ఎందుకు పడ్డాననుకున్నావు? ఆ దగ్గు మాటెత్తితే ఆ దినం మాట బయటికొస్తాదని నోరు మూసుకున్నాను గాని, సూది ఒద్దని కాదే."

ఇక్కడ నిజం చెప్పాలి. నేను ఆవిడని దాచలేదు. వెనక్కి తిరిగింది ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయా అని చూడడానికి. లేదన్నది, మా అత్త దగ్గు నాకు దగ్గులాగే తోచక. ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడెంతో అదీ అంతే, ఎప్పుడూ ఉండేదే. డాక్టరు మందు మార్చింది మరో రెండు రోజుల తర్వాత. ఆ రోజే ఔనని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. ప్రతివాళ్ల తప్పూ నాలుగు మాటల్లో దులిపేసే దాన్ని, నా తప్పు తొమ్మిదేళ్లు మా అత్త లెక్కలో పుణ్యంగా జమై ఉంది. అది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ పక్కన కూచుని ఆకు వలవడం మొదలుపెట్టాను. ఇద్దరం ఏడ్చాం. పెద్దగా కాదు, వరండాలో వినపడకుండా.

ఆకు అయ్యాక అత్త లేచి, చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. మావగారు పంచాంగంలోకి చూస్తున్నారు.

"రేపు పొద్దున్న రాజశ్రీని తీసుకెల్తన్నాను. సూదికి," అంది అత్త.

"రేపా? అధికంలోనా? నీకు మతిపోయిందేటి? వ్రతం అయిన సోమారం ముహూర్తం పెట్టినాను కదా."

"ఆ పిల్లకి అధికంలో నొప్పులొస్తే ఏటి సేస్తావు? అధికం అయ్యేదాకా ఆపమంటావా?"

"ఎందుకొస్తాయి? దసరాకి గదా."

"పోనీ, ఒకటి సెప్పు. మన రాజేష్ బారసాల ఏ ముహూర్తంలో అయింది?"

మావగారు పంచాంగం లోంచి తలెత్తారు. ఆ పేరు ఆ వరండాలో ఎవరూ పలికి చాలా కాలమైంది.

"మంచి ముహూర్తమే," అన్నారు.

"మంచిదే. తిథి మంచిది, వారం మంచిది, నచ్చత్రం మంచిది. అన్నీ మంచివే. గుంటడే నేకుండా పోయినాడు."

నలభై అయిదేళ్ల కాపురంలో మా అత్త ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారనుకుంటాను, ఎందుకంటే ఎదురు చెబితే ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. జెండా ఊపకుండా బండి కదిలిపోతే గార్డు ఏం చేస్తాడు? చూస్తూ కూచున్నారు.

శుక్రవారం పొద్దున్న నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. ముగ్గురం ఆటోలో నర్సింగ్ హోముకి వెళ్లాం. లీలావతక్క రాజశ్రీ జబ్బకి సూది వేసింది. మొత్తం పట్టింది అర నిమిషం. ఏడు వారాల పాటు మా ఇంట్లో తిథులు, వారాలు, మాసాలు, మూఢాలు కలిసి అడ్డుకున్న పని అది. రాజశ్రీ "అయిపోయిందా" అని అడిగి, తనే తలూపింది.

లీలావతక్క దూది పారేసి వెనక్కి తిరిగేసరికి మా అత్త జాకెట్టు చేయి పైకి లాక్కుని స్టూలు మీద కూచుని ఉంది.

"నాకూ ఎయ్యి," అంది.

"అమ్మకి వెయ్యడమే అసలుది ఆంటీ. అయినా బిడ్డని ఎత్తుకునేవాళ్లు కూడా వేయించుకుంటే మంచిదే. ఉండండి, డాక్టరుగారినడిగి వస్తాను," అంది లీలావతక్క. ఆమె తిరిగి వచ్చేదాకా అత్త ఆ చేయి కిందికి దించలేదు.

నేనూ వేయించుకున్నాను. మర్నాడు మా ఆయనా శివాజీ కూడా వెళ్లొచ్చారు. మా ఆయన వచ్చి "నొప్పిగా ఉంది" అన్నాడు, అది ఆయన ఆ వారం మాట్లాడిన అతి పెద్ద వాక్యం. మావగారిని అడిగితే నిజ శ్రావణం రానీండి, చూద్దాం అన్నారు. నిజ శ్రావణం వచ్చింది, పోయింది. ఆయన చూస్తూనే ఉన్నారు.

సీమంతం మాత్రం ఆయన పెట్టిన సోమవారమే ఘనంగా జరిగింది. గాజులు తొడిగాం, హారతిచ్చాం. ఆ తర్వాత రెండో రోజు, రాఖీ పౌర్ణమి పొద్దున్న, రాజశ్రీకి నొప్పులొచ్చాయి, మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. దసరాకి రావలసిన మనవరాలు నెలన్నర ముందే ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. మావగారు ఆస్పత్రి వరండాలో నిలబడి, "బిఫోర్ టైమ్," అన్నారు అందరితో. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన బండి ఒక్కటీ బిఫోర్ టైమ్ రాలేదని మా అత్త తర్వాత నాకు చెప్పింది.

పిల్ల మూడు కిలోలకి కొంచెం తక్కువ. ఏంజెల్ అని పిలవమంది లీలావతక్క, ఉమారాణి అన్నారు మావగారు. ఉమారాణే ఖాయమైంది, జెండా ఆయనది కదా.

ఇంటికి తెచ్చాక మా అత్త పురిటి గది గుమ్మంలో చాప వేసుకుని కూచుంది. ఆరో రోజు ఇక్కడి ఆచారం ప్రకారం ఛట్టీ చేస్తారు, పేటంతా వచ్చి పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టి పోతారు. మాకు ఛట్టీ ఉండదు, మాకు పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటిన బారసాల. కాని ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నాక రెండూ చేయకపోతే మర్యాదగా ఉండదు. అంటే పిల్లకి నెల నిండకుండా మూడుసార్లు ఊరందరి నోటి గాలీ తగులుతుందన్నమాట. మూడుసార్లూ అత్త గుమ్మం దిగలేదు. "దూర్ సే, దూర్ సే," అంటూ, దూరం నుంచే చూడమని తనకొచ్చిన హిందీ అంతా వాడింది. కొందరు ఛత్తీస్‌గఢీలో సణుక్కుంటూ పోయారు. పోనిచ్చింది.

సెప్టెంబరు ఆఖరికి మావగారికి దగ్గు మొదలైంది. ముందు పొడిదగ్గు. వారానికల్లా దగ్గి దగ్గి గోడ పట్టుకుని వంగిపోయి, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతులోంచి కూతలాంటిది వచ్చేది. "మంచు పడతంది, చలిగాలి," అన్నారు ఆయన. ఆ ఊరికి ఇంకా చలి రాలేదు. పరీక్షకి రమ్మంటే, డెబ్భై ఏళ్ల దగ్గుకి పరీక్షేటని నవ్వారు. నవ్వితే మళ్లీ దగ్గు వచ్చింది. అత్త ఆయన మంచం వరండా చివరికి మార్పించింది, పిల్ల గది వైపు రానివ్వలేదు. అయినా ఒక మధ్యాహ్నం, అత్త స్నానానికి వెళ్లినప్పుడు, నేను ఆఫీసులో ఉన్నప్పుడు, రాజశ్రీ కునుకు తీస్తున్నప్పుడు, ఆయన లోపలికి వెళ్లి మనవరాల్ని ఎత్తుకున్నారు. తాత కదా. ముద్దు కూడా పెట్టుకున్నారు. అప్పుడే స్నానం నుంచి వచ్చిన అత్త కంట పడ్డారు.

వారం తిరిగింది. ఆదివారం మధ్యాహ్నం పిల్ల దగ్గింది. ఒకసారి, తర్వాత వరసగా మూడుసార్లు. నేను భోజనం చేస్తున్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాను. అత్త అప్పటికే పిల్లని గుడ్డలో చుట్టి గుమ్మంలో నిలబడి ఉంది, కాళ్లకి చెప్పులు లేవు. రాజశ్రీని వెనకాలే తీసుకురమ్మని శివాజీకి అరిచి ఆటో ఎక్కాం. నేను పిల్ల పెదాల రంగు చూస్తూ కూచున్నాను. నా జన్మలో నేనంత భయపడలేదు. రాజేష్ అప్పుడు కూడా అంత భయపడలేదు, అప్పుడు నాకేం జరుగుతుందో తెలీదు కాబట్టి.

డ్యూటీలో ఉన్న పిల్లల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పిల్ల ఛాతీ విని, వేలికి యంత్రం తగిలించి, హిందీలో అడిగింది, ఇంట్లో పెద్దవాళ్లకి ఎవరికైనా దగ్గుందా అని. నేను నోరు తెరిచే లోపలే అత్త చెప్పింది.

"హై. మేరే ఆద్మీ కో హై. పంద్రా దిన్ సే. బచ్చీ కో చూమా భీ." తన మొగుడికే ఉందని, పదిహేను రోజులుగా అని, పిల్లని ముద్దు కూడా పెట్టుకున్నాడని.

డాక్టరమ్మాయి వెంటనే మందు మొదలుపెట్టింది. తల్లికి కడుపుతో ఉండగా టీకా వేయించారా అని అడిగితే నేను కాగితం చూపించాను. తారీకు చూసి, "బహుత్ అచ్ఛా కియా," అని మెచ్చుకుంది. పిల్లని నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఇంట్లో అందరికీ మందు రాశారు. మావగారిని శివాజీ మోటారు సైకిలు మీద ఎక్కించి తీసుకొస్తే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. అదే. కోరింత దగ్గు. పిల్లకీ అదే సోకింది. కాని పిల్ల దగ్గింది, పాలు తాగింది, దగ్గింది, నిద్రపోయింది. మొహం ఎర్రబడిందే గాని నీలంగా కాలేదు. ఊపిరి ఒక్కసారి కూడా ఆపలేదు. నాలుగు రోజులూ అత్తా నేనూ వంతులేసుకుని ఆ చిన్న ఛాతీ లేవడం, దిగడం లెక్కపెడుతూ కూచున్నాం.

దసరా నాటికి పిల్లకి దగ్గు లేదు. మావగారికి కొంచెం ఉంది. ఆ రోజు మా ఇంటికి ఆయన పాత రైల్వే స్నేహితులు నలుగురొచ్చారు. అత్త అనుమతి మీద ఆయన మొదటిసారి అందరి ముందూ మనవరాల్ని ఒళ్లో కూచోబెట్టుకున్నారు, మూతికి తువ్వాలు కట్టుకుని. స్నేహితులకి కథంతా చెబుతున్నారు. ఆడవాళ్ల కంగారు, ఆటో, ఆస్పత్రి, తన ముక్కులో పెట్టిన పుల్ల. అందరూ నవ్వుతున్నారు.

"ఇంత రాద్ధాంతం సేసినారు," అన్నారు మావగారు. "అధికం అనకుండా, మూఢం అనకుండా పరిగెట్టి ఏయించినారు సూది. ఏటైంది చివరికి? జబ్బు ఎలాగూ వచ్చింది, ఎలాగూ పోయింది. పిల్లకి ఏటీ కానేదు. ఆ సూది ఏయించకపోయినా ఇంతే."

నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక మాట ఉంటుంది. ఆ రోజు గ్లాసులు కింద పెట్టి అత్త కోసం చూశాను.

అత్త వచ్చి ఆయన ఒళ్లోంచి పిల్లని తీసుకుంది. భుజం మీద వేసుకుని, నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఏయించకపోతే ఏటవుతాదో మా ఇద్దరికీ తెల్సు," అంది.